మేరీకి ఒంట్లో బాగాలేదని వచ్చిన టెలెక్స్

ఆ కాలంలో దుబాయ్‌లో ఉన్నవాళ్లకి (మేం ఉండేది షార్జాలో, కానీ మా ఊరివాళ్ల లెక్కలో అంతా దుబాయే) మంచివార్తలు నెమ్మదిగానూ, చెడ్డవార్తలు పరుగున వచ్చేవి. చెల్లెలికి కొడుకు పుట్టాడన్న ఉత్తరం మాకు చేరేసరికి వాడు బోర్లాపడి పాకుతూ ఉండేవాడు. అదే ఎవరైనా మంచాన పడితే టెలిగ్రామో, ఆఫీసుకి టెలెక్సో ఆ పూటే దిగేది. అందుకని తక్కువ మాటలున్న కాగితం కనబడితే చాలు, చదవకముందే ఏడుపు మొదలుపెట్టేవాళ్లం. నేను చేసిన ఘనకార్యానికి ఇది సాకు కాదు. చదివేవాళ్లు కాస్త జాలిపడతారేమోనని ముందుగా చెప్పుకుంటున్నాను, అంతే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కొవ్వూరులో టైపు హయ్యర్ పాసై, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నీళ్లట్యాంకులు కట్టే కంపెనీలో టెలెక్స్ ఆపరేటరుగా చేరి రెండు నెలలయింది. మూడో నెల గడిస్తేగాని ఉద్యోగం ఖాయం కాదు. టెలెక్స్ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. ఏ దేశంలోనో ఒకరు టైపు కొడుతుంటే మన గదిలో మిషను దానంతటది టకటకలాడుతూ కాగితం మీద అచ్చువేసేది. మధ్యలో ఉండాల్సిన అక్షరాలు ఎగిరిపోయేవి, అక్కర్లేనివి వచ్చి కూర్చునేవి. వాటిని సరిదిద్ది, శుభ్రంగా మళ్లీ టైపు చేసి ముదీర్ (అక్కడ మేనేజర్ని అలాగే అంటారు) బల్లమీద పెట్టడం నా పని. ఆ సరిదిద్దడంలో నన్ను మించినవాడు గల్ఫ్ మొత్తంలో లేడని నా గట్టి నమ్మకం. (అలా అని ఎవరూ అనలేదు.)

మా ముదీర్ కెనడా దొర. మనిషి పొడుగు, మాట పొట్టి. ఆయన సైట్లో ఉండగా ఆఫీసువాళ్లు పిలవని పేరంటానికి వచ్చినట్టు వస్తే ఆయనకి గిట్టదు. అలా వచ్చిన ఒక గుమస్తాని తిరుగు బండిలోనే ఊరికి పంపించేశాడని చెప్పుకునేవారు. దొర అలవాట్లన్నీ ఎరిగిన పాత ఆపరేటరు నేను చేరిన నెలకే సెలవు మీద కేరళ వెళ్లాడు. వెళ్లేముందు నాకు అన్నీ అప్పజెప్పాడు గానీ, ఎండాకాలంలో దొరకి తమ్ముడి దగ్గర్నుంచి ఏ రకం కబుర్లొస్తాయో చెప్పడం మర్చిపోయాడు.

ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే మిషను మోగింది. పైన కెనడా నంబరు, కింద దొర తమ్ముడి పేరు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇదీ: "మేరీ పరిస్థితి బాగాలేదు. నీరు రోజురోజుకీ తగ్గిపోతోంది. మధ్యాహ్నాలు టెంపరేచర్ బాగా పెరుగుతోంది. ట్రౌట్ చాలా ఇబ్బందిలో ఉంది. సాల్మన్ ఇంకా చేరలేదు, వారంలో రావచ్చు. పెద్ద స్టర్జన్ ఉంది. వస్తే పదిహేనులోపు రా. ఆ తర్వాత మూసేస్తారు."

నేను ఒకటికి నాలుగుసార్లు చదివాను. ట్రౌట్ అనే మాట నేను ఎక్కడా వినలేదు. జ్వరం గురించి చెబుతున్నారు కాబట్టి అది థ్రోట్ అయి ఉంటుంది, పాపం ఆవిడకి గొంతు పట్టేసింది. స్టర్జన్ అన్నదాంట్లో 'ట' అచ్చంగా మిషను చేసిన తప్పే, అది సర్జన్. రెంటినీ దిద్దాను. సాల్మన్‌ని మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే సాల్మన్ నాకు బాగా తెలుసు. మేం ఉండే రోలా పేటలో ఎదురు ఫ్లాట్‌లో ఉండే నర్సక్క తమ్ముడి పేరు సాల్మన్ రాజు.

నర్సక్కది నరసాపురం దగ్గర. మాలాంటి కుర్రాళ్లకి జ్వరమొస్తే మాత్రతోపాటు చారన్నం కూడా ఆవిడే పెట్టేది. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి కాగితమంతా చదివి వినిపించాను. ఆవిడ ఒక్కొక్క మాటా అడిగి మళ్లీ చెప్పించుకుంది. ఒంట్లో నీరు తగ్గడం, మధ్యాహ్నం జ్వరం, గొంతు, అన్నీ ఒకే జబ్బులోకి వస్తాయంది. సాల్మన్ ఎవరో దగ్గరి బంధువు అయుంటాడని, ఆయన వచ్చేదాకా ఆపరేషన్ ఆపి ఉంటారని ఊహించింది. పదిహేను తర్వాత మూసేస్తారంటే ఏం మూస్తారక్కా అన్నాను.

"పెట్టె మూసేస్తారు తమ్ముడూ. మేరీ అంటే వాళ్లమ్మే అయుంటది. నువ్వక్కడ కూర్చుని ఏం చేస్తన్నావ్, ఎల్లి ఆయనకి చెప్పు" అంది.

ఆ మాటతో నాలో ఏ దేవుడు పూనాడో తెలియదు. ముందు కెనడాకి జవాబు కొట్టాను: "ధైర్యంగా ఉండండి. ఆయన బయల్దేరుతున్నారు. మేమంతా మేరీ కోసం ప్రార్థిస్తున్నాం. ఆయన వచ్చేదాకా సర్జన్‌ని ఏమీ చేయవద్దని చెప్పండి." తర్వాత రోలాలోని ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేసి మర్నాటి విమానంలో దొర పేరు మీద సీటు ఆపించాను. ఆఖరికి పికప్ నడిపే కడప మామ దగ్గరికి పరుగెత్తాను. ఆయన రంజాన్ అయినా కాకపోయినా అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. సంగతి వినగానే తాళంచెవి తీసుకున్నాడు.

సైట్ ధైద్ దాటాక కొండల దగ్గర. బండిలో ఏసీ లేదు. కిటికీ తెరిస్తే నిప్పు, మూస్తే ఆవిరి. దారంతా ఎలా చెప్పాలో ఇద్దరం ఆలోచించాం. అమ్మ పోయినా సరే ముందు మనిషికి నీళ్లిచ్చి, నీడన కూర్చోబెట్టి, ఆ మాటా ఈ మాటా చెప్పి అప్పుడు అసలు సంగతికి రావాలన్నది మామ పద్ధతి. "నువ్వు గమ్మునుండప్పా. నీళ్లు నేనిస్తా, కాయితం నువ్వియ్యి" అన్నాడు. నాకైతే దారిపొడవునా ఒకటే ఆలోచన. పిలవకుండా వెళుతున్నాను. అబద్ధమైతే ఉద్యోగం ఖలాస్. నిజమైతే ఒక మనిషికి తల్లి ఖలాస్. రెంటిలో ఏది కోరుకోవాలో తెలియక కిటికీలోంచి ఒంటెల్ని చూస్తూ కూర్చున్నాను.

దొర ట్యాంకు నీడలో నిలబడి నక్షా చూస్తున్నాడు. నన్ను చూడగానే కనుబొమలు ముడిపడ్డాయి. మామ నీళ్లసీసా చేతిలో పెట్టి కూర్చోమని సైగ చేశాడు. ఏం జరుగుతోందో తెలియక ఆయన సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. ఆ మాటా ఈ మాటా చెప్పాల్సిన చోట నేను నేరుగా అసలు సంగతికే వచ్చేశాను. "సార్, మీ అమ్మగారు" అని ఆగిపోయాను.

ఎర్రగా ఉండే ఆ ముఖం క్షణంలో సున్నం కొట్టినట్టు అయిపోయింది. అంతకుముందు నేను దొరని భయంతో తప్ప చూడలేదు. ఆ క్షణాన ఆయన మా వాళ్లలో ఒకడిలా కనిపించాడు. నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత తల ఎత్తి చాలా నెమ్మదిగా అడిగాడు.

"మేరీ ఎవరనుకున్నావు?"

"మీ తల్లిగారు సార్."

"మేరీ మా ఊరి ఏరు."

కడప మామకి ఇంగ్లీషు రాదు, అయినా నా ముఖం చూసి నీళ్లసీసా నా చేతికి మార్చాడు. దొర కాగితం నా ముందుకు చాచి, ఇందులో నువ్వు ఎన్ని మాటలు దిద్దావని అడిగాడు. రెండే సార్, అన్నాను. అప్పుడాయన వేళ్లు మడిచి చెప్పాడు. ట్రౌట్ చేప. సాల్మన్ చేప. స్టర్జన్ అన్నది మనిషికంటే పొడుగుండే ముసలి చేప. ఎండలకి ఏరు చిక్కి నీళ్లు వేడెక్కితే చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయట, అందుకని పదిహేను తర్వాత అక్కడ గాలం వేయడం ఆపేస్తారట. సాల్మన్ సముద్రంలో పెరిగి, పుట్టిన ఏటికే ఎదురీదుకుంటూ వస్తుందట.

అది వినేసరికి నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో రేడియోలో వినకుండా శ్రావణమాసంలో మా నాన్న కాఫీ తాగేవాడు కాదు. ఎర్రనీటికి ఎదురీదివచ్చే పులస కోసం మా అమ్మ రేవులో బేరమాడేది. అలాంటి నాకు ఒక ఏటి కబురు వస్తే, దానికి జ్వరం తెప్పించి, గొంతు నొప్పి పెట్టించి, ఆపరేషన్‌కి ఒప్పించాను. ఈ మాటలే వచ్చీరాని ఇంగ్లీషులో దొరతో చెప్పేశాను, ఎలాగూ ఉద్యోగం పోయిందన్న తెగింపుతో. ఆయన పులస గురించి రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. ఎన్ని ముళ్లుంటాయన్నాడు. లెక్కపెట్టేవాడు తినలేడు సార్, అన్నాను.

దొర నా చేతిలోని సీసా తీసుకుని మిగిలిన నీళ్లు నెత్తిన పోసుకున్నాడు.

"ఒక్క నిమిషంలో మా అమ్మని పాతిపెట్టేశాను" అన్నాడు. "ఆవిడకి ఎనభై. బతికే ఉంది. ఇంకేం కావాలి నాకు?"

తిరుగుదారిలో బండిలో ఆయన కూడా ఎక్కాడు, ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఆఫీసుకి వచ్చేసరికి తమ్ముడి జవాబు వచ్చి ఉంది. మీ ప్రార్థనలకి మేరీ కృతజ్ఞతలు చెప్పిందని, సర్జన్ నీళ్లలోనే ఆగి ఉంటానని మాట ఇచ్చాడని రాశాడు. దొర దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆపించిన సీటు రద్దు చేయనా అని గొణిగాను. ఎందుకు, అమ్మని చూసి రెండేళ్లయింది, అన్నాడు. నర్సక్కకి ఫోన్ చేసి చెబితే ముందు దేవుడికి స్తోత్రం అంది, తర్వాత నన్ను తిట్టింది, ఆ తర్వాత వాళ్ల తమ్ముడు సాల్మన్‌కి ఈ సంగతి రాయొద్దని ఒట్టు వేయించుకుంది.

దొర రెండు వారాల్లో తిరిగి వచ్చాడు. పెద్ద స్టర్జన్ గాలానికి తగిలిందట, గంటసేపు లాగాడట, ఒడ్డుకి రాగానే వీపు నిమిరి వదిలేశాడట. అన్ని వేల మైళ్లు వెళ్లి పట్టిన చేపని కూర వండకుండా వదిలేసిన మనిషి గురించి కడప మామ ఆ ఏడంతా బాధపడ్డాడు. మూడో నెల నిండగానే నా ఉద్యోగం ఖాయమైంది. కాగితం మీద దొర తన చేత్తో ఒక వాక్యం రాశాడు: దిద్దడం మానితే మంచి ఆపరేటరు.

తర్వాత నిజంగానే మానేశాను. ఇప్పుడు నా అంత జాగ్రత్త మనిషి లేడని ఇంట్లోవాళ్లంటారు. ఎవరికైనా బాగాలేదని కబురొస్తే కళ్లజోడు వెతుక్కుని, రెండుసార్లు చదివి, ఇద్దరికి ఫోన్ చేసి కనుక్కుని, నిజమని తేలాక నిదానంగా చొక్కా తొడుక్కుంటాను. ఈమధ్య తప్పు చేసిన గుర్తు లేదు. కానీ ముఖమైనా ఎరగని ఒక తల్లి కోసం, ఉద్యోగం పోతుందని తెలిసీ ఆ ఎండలో కొండల దాకా పరుగెత్తిన ఆ తెలివితక్కువ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. ఈ వయసులో నాకు ఒంట్లో బాగాలేకపోతే, కబురు అలాంటివాడి చేతిలో పడితే బాగుండుననిపిస్తుంది.