పడుగు వీధిలో నడిచిన చెట్లు

ఉద్యోగం నుంచి దిగిపోవడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, నన్ను హిందూపురం నర్సరీ నుంచి ధర్మవరానికి వేశారు. హోదా పార్కుల సూపర్వైజరు. వినడానికి పెద్దగానే ఉంటుంది. పైన అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏ.ఈ. కింద నలుగురు మాలీలు. మధ్యలో మాట పడడానికి నేను. పెనుకొండలో ఏడో తరగతితో బడి మానేసి దినకూలీ మాలీగా చేరినవాణ్ణి. నర్సరీలో చెత్తకు వేసిన వ్యవసాయ పత్రికలు చదివి పని నేర్చుకున్నాను. డిగ్రీలు పట్టుకొచ్చి వేపకూ తురకవేపకూ తేడా నాకే చెప్పబోయిన వాళ్లందరూ నాకు గుర్తున్నారు. పేర్లు రాయను గానీ, మరిచిపోలేదు.

ఆ ఏడు పథకం ఏమిటంటే, చేనేత వీధుల్లో ఇంటికొక చెట్టు. మొక్క, ఇనుప కంచె మావి. నీళ్లు, కాపలా ఇంటివాళ్లవి. ప్రతి మొక్కకూ ఒక నంబరు రేకు కడతాం. నాటిన చోట నిలబడి ఫోనుతో ఫోటో తీస్తే, మొక్క భూమ్మీద ఎక్కడుందో ఫోనే గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని జియోట్యాగింగ్ అంటారు. మూడు నెలలకొకసారి అదే చోట మళ్లీ ఫోటో తీసి, ఎన్ని బతికాయి, ఎన్ని చచ్చాయి అని సర్వైవల్ రిపోర్టు పంపాలి.

నాకు అప్పగించిన వీధిలో ముప్పై రెండు ఇళ్లు. మధ్యాహ్నం మూడు గంటలకు టేపు పట్టుకుని వెళ్లాను. లోపల మగ్గాల చప్పుడు తప్ప వీధిలో పురుగు లేదు. ఇంత అనువైన వీధిని నా సర్వీసులో చూడలేదని సంతోషపడ్డాను. గుంతలు గోడకు దగ్గరగా వేయమన్నాడు ఏ.ఈ. కానుగ వేర్లు పునాదిలో దూరుతాయని చెప్పి ఆయన మాట తోసేశాను. గోడకు ఆరడుగుల ఎడంగా, దారం పట్టినట్టు వరసగా ముప్పై రెండు కానుగ మొక్కలు నాటించాను. వీధివాళ్లు ఒక్కరూ అడ్డు చెప్పలేదు. మేము గుంతలు తవ్వి పోతామే గానీ నిజంగా మొక్కలు తెస్తామని వాళ్లు అనుకోలేదట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మూడు నెలలకు ఫోటోల కోసం పదకొండు గంటలప్పుడు వెళ్లాను. మిగతా వీధుల్లో సగం మొక్కలు పుల్లలయ్యాయి. ఇక్కడ ముప్పై రెండూ నిగనిగలాడుతున్నాయి. నా ఛాతీ ఉబ్బింది. అయితే ఏడో నంబరు రేకు పంతొమ్మిది పక్కన ఉంది. నాలుగో నంబరు ఎదురు వరసకు మారింది. మాలీలు రేకులు తారుమారు చేశారేమోనని వాళ్లను తిట్టుకుంటూ ఏడో నంబరు కంచె మీద చెయ్యి ఆనించాను. చెట్టు గడగడమంటూ అడుగు దూరం పోయింది. దానితో నేనూ పోయాను.

"మెల్లగాప్పా! దాని చక్రం ఒకటి వదులుండాది," అంది అరుగు మీద ఆసుకు పట్టుదారం చుడుతున్న నాగరత్నమ్మ. ఆ వీధిలో అందరి తరఫునా మాట్లాడే మనిషి.

కంచె అడుగున చుట్టిన గోనెపట్టా ఎత్తి చూశాను. అడుగున సగానికి కోసిన రంగు డ్రమ్ము. దాని కింద పలక, పలకకు పాత బేరింగులు. ముప్పై రెండూ అంతే.

ప్రభుత్వ మొక్కలు పెరికారని కేకలేశాను. చట్టం పేరు కూడా చెప్పాను, గుర్తొచ్చినంత వరకు. ఆమె పని ఆపకుండానే వింది.

"అరిస్తే అరిచినావులే. రేపు పొద్దున ఆరింటికి రా. వచ్చి చూసినాక ఇంకా అరవాలంటే నీళ్లిచ్చి మరీ అరిపిస్తాం."

వెళ్లాను. ఆరింటికి ఆ వీధి వేరే వీధి. ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టు పడుగు సాగదీసి కట్టారు. పడుగంటే చీరకు నిలువు దారాలు. నాలుగైదు చీరలకు సరిపడా ఒకేసారి పరిచి, ఎండ ముదరకముందే, రెండు పక్కలా జనం నడుస్తూ తెగిన దారాలు అతుకుతున్నారు, చిక్కులు విడదీస్తున్నారు. ఆ పొడవు ఏ ఇంట్లోనూ పట్టదు. నా గుంతల వరస ఎక్కడుండేదని చూశాను. సరిగ్గా పడుగు అంచు మీద. మొదటి రోజే నా ఇనుప కంచెకు పట్టు చిక్కుకుందట. మూడు దినాలు అతుకులు వేసుకున్నారట. మొక్కలను పారేయడానికి మనసు రాక డ్రమ్ముల్లో పెట్టి, తెల్లారేసరికి లోపలికి, పడుగు ఎత్తాక బయటికి తోస్తున్నారు.

"ఆవుల్ని తోలినట్టు తోలుతుండాం," అంది నాగరత్నమ్మ. "పేడ మాత్రం వేయవు."

ఆ నవ్వు వారం రోజులే. తర్వాతి సోమవారం ఏ.ఈ. చెప్పాపెట్టకుండా ఏడింటికి వచ్చాడు. పడుగు అడ్డంగా ఉండి జీపు లోపలికి పోలేదు. నడిచి వచ్చి ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తీశాడు. ఫోను ఆయనకు చూపించిన దాని ప్రకారం చెట్లన్నీ ఇళ్ల కప్పుల కింద ఉన్నాయి. పదమూడో నంబరు మగ్గం గుంత పక్కనే ఉంది.

"ఇది చీర నేస్తోందా?" అన్నాడు నాతో.

ఆ తర్వాత అన్న మాటకు ఎవరూ నవ్వలేదు. చెట్లన్నీ చచ్చినట్టు రాస్తానన్నాడు. రోడ్డు మీద పడుగు వేయడానికి రాతపూర్వకమైన అనుమతి లేదు కనుక ఆక్రమణ కింద నోటీసు ఇస్తానన్నాడు. తాతల నాటి నుంచీ వేస్తున్నదానికి అనుమతి అడగాలని ఎవరికి తడుతుంది? వీధి పోతే పడుగు లేదు. పడుగు లేకపోతే ముప్పై రెండు ఇళ్లలో మగ్గం లేదు. నాగరత్నమ్మ చేతిలో పని ఆపడం అదొక్కసారే చూశాను.

నేను తప్పించుకోవడానికి దారి ఉంది. నాటింది సరిగ్గానే, జనం పెరికారు అని రాస్తే చాలు. అది అబద్ధం కూడా కాదు. కానీ నాకు ఒళ్లు మండింది. బతికున్న చెట్టును చచ్చిందని రాసే ఫారం నా దగ్గర లేదని ఏ.ఈ.తో అన్నాను. మిగతా వీధుల్లో ఎండినవాటికి పైవాళ్లకు ఏం జవాబు చెబుతారని కూడా అడిగాను. సున్నం డబ్బా తెప్పించి, పడుగుకు రెండు పక్కలా మనిషి నడిచే దారి వదిలి గీతలు గీశాను. గీతకూ గోడకూ మధ్య అడుగున్నర మిగిలింది.

"గోడ పక్కన వేయమని నేను ఆరోజే చెప్పాను కదా," అన్నాడు ఏ.ఈ.

మెమో ఇచ్చినా అంత బాధ పడేవాణ్ణి కాదు.

అక్కడే నిలబడి కొత్త ప్లాను రాశాను. కానుగల్లో పన్నెండు వీధి రెండు కొసల్లో, పడుగు కట్టే గుంజలకు అవతల. మిగతావి వెనకనున్న ఖాళీ స్థలంలో. గోడల పక్కన పునాది జోలికి పోని పారిజాతం, కరివేపాకు. ఇనుప కంచెకు బదులు నున్నగా చెక్కిన వెదురు, దాని మీద పాత గుడ్డ చుట్టడం. ఏ చెట్టుకు ఎవరు నీళ్లు పోయాలో వీధివాళ్లే పంచుకున్నారు. మేము పంచి ఉంటే తగాదా అయ్యేది.

ఇక చెట్లు కదలవని నమ్మకమేమిటని ఏ.ఈ. అడిగాడు. నాగరత్నమ్మ అందుకుంది.

"కదలనిచ్చే చోట నాటితే యాడికి పోతాయి సారూ? మాకేమన్నా చెట్లు తోలే సరదానా?"

ఆయన నోటీసు మాట మళ్లీ ఎత్తలేదు. స్థల మార్పు ఫారంలో కారణం దగ్గర 'సాంకేతిక కారణాలు' అని రాయమన్నాడు గుమాస్తా. నేను 'సూపర్వైజరు వీధిని తప్పు వేళలో కొలిచాడు' అని రాసి సంతకం పెట్టాను. అలాంటి కారణం ఇంతవరకు ఎవరూ రాయలేదని రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి తీసుకున్నారు.

ఆ తర్వాత సర్వీసు ఉన్నంత కాలం ప్రతి వీధినీ రెండుసార్లు కొలిచాను. ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు, ఒకసారి జనం పనిలో ఉన్నప్పుడు. రెండు కొలతలూ ఎక్కడా ఒకటి కాలేదు. రిజిస్టరులో రాయవలసింది రెండోది.