టెస్టింగు

కల్లూరులో కార్ల ఏసీలు బాగుచేసే అన్నకు ఉన్నది రేకుల షెడ్డు. అందులో ఫ్యాను లేదు.

మొదటిసారి పోయినప్పుడు నా కారు బ్లోయరు నాలుగో నంబరు మీదే తిరిగేది. తక్కిన మూడింటికీ ఉలుకూ పలుకూ లేదు. అంతకుముందు చూసినాయన మోటారే మార్చాలన్నాడు. ఈయన డ్యాష్‌బోర్డు కింద దూరి, "మోటారు బాగుండాదప్పా, రెసిస్టరు కాలిపోయిండాది" అని అదొక్కటే మార్చాడు. తర్వాత అద్దాలెక్కించి, "టెస్టింగు చేయల్ల" అంటూ లోపల కూర్చుని, చల్లగాలికి మొహం పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఒక్కో నంబరుకూ చాలాసేపు పట్టింది. ఎండలో నిలబడి విసుక్కున్నాను. ఇంటికొచ్చాక గానీ ఆ షెడ్డు గుర్తుకు రాలేదు.

మొన్న మే నెలలో బాగానే ఉన్న కారు తీసుకుపోయి, "గాలి తక్కువొస్తాండాదన్నా, చూడు" అన్నాను. నాలుగు నంబర్లూ నిదానంగా చూసి, చెమట ఆరిన మొహంతో దిగాడు.

"ఏమీ కాలేదప్పా" అన్నాడు. "అయినా రేపు తీసుకరా, ఇంకోసారి చూస్తా."