ఊక లోడు మీద నా ముడి

మొన్న పొన్నూరు రోడ్డులో ముందు వెళ్తున్న ట్రాక్టరు నుంచి ఊక లేచి నా ముఖాన పడింది. ముక్కులో ఆ పొడి దుమ్ము వాసన చేరిందో లేదో, దేవదానం గారు గుర్తొచ్చారు. ఎనభైల్లో చిలకలూరిపేట దగ్గర ఒక బడిలో నేను సైన్సు టీచరుగా చేరినప్పుడు ఆయన అక్కడ డ్రైవరు. వెనక తొట్టి తెరిచి ఉండే పాత జీపు ట్రక్కు ఒకటి ఆ బడికి ఉండేది.

ఆ ఏడు పట్టుబట్టి బడి ఆవరణలో నలభై వేప మొక్కలు నాటించాను. ఎండలు ముదిరేసరికి నల్లరేగడి నెర్రెలు విచ్చి వేళ్ళు బయటపడ్డాయి. "ఇవి చచ్చాయంటే మళ్ళీ మొక్కల మాట ఎత్తొద్దమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. మొదళ్ళలో ఊక పరిస్తే తడి నిలుస్తుందని పుస్తకాల్లో చదివాను. దాన్ని తేవడం ఎలాగో మాత్రం దేవదానం గారికే తెలుసు.

పొన్నూరు బియ్యం మిల్లు దగ్గర ఆయన లోడు వేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. ముందు అంచుల వెంట పోసి తొక్కారు, తర్వాత నడుమ పోసి తొక్కారు, వరసకోసారి నీళ్ళు చిలకరించారు. తొట్టి పైన మనిషెత్తు లేచినా పిడికెడు ఊక జారలేదు. తను కుట్టుకున్న గోనె పట్టా కప్పి, తాడు బిగించి, మూడుసార్లు లాగి చూసి టీకి వెళ్ళారు. ఊకే కదా, బరువేముందిలే అనుకుని నేను మిల్లు కూలీలతో వెనక ముడి విప్పించి ఇంకో నాలుగు గంపలు పోయించాను. ముడి మళ్ళీ నేనే వేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఊరు దాటాక గాలికి పట్టా లేచింది. వెనక మోటారుసైకిలు మీద వస్తున్న పెద్దాయన కళ్ళనిండా ఊక పడి, బండితో సహా మిరప చేలోకి దిగిపోయాడు. దేవదానం గారు పరుగెత్తి వెళ్ళి తన క్యాను నీళ్ళతో ఆయన కళ్ళు కడిగారు.

"కళ్ళు పోగొడతావేంటయ్యా? తాడు కట్టుకోటం చేతకాదా?"

"తప్పు నాదేనండి. నేను చూసుకోవాల్సింది."

నేను నోరు విప్పబోయాను. "మీరెళ్ళి బండిలో కూర్చోండి టీచరుగారూ" అన్నారు. వెళ్ళి కూర్చున్నాను. దారిలో ఉండబట్టలేక, "ఆ ముడి విప్పించింది నేనేనండీ" అన్నాను.

"చూడగానే తెలిసిందమ్మా. అది నా ముడి కాదు."

"మరి ఆయనకు చెప్పలేదేం?"

"బండి నాది. లోడు పూచీ కూడా నాదే."

సగం ఊకే మిగిలింది. ఆయన నెర్రెల్లో మట్టి కూరి, "మొదలుకి జానెడు ఎడం ఉంచండి, ఆనితే కుళ్ళుద్ది" అంటూ పరిచారు. ఊక అయిపోయాక, కుట్లు విప్పి ఆ గోనె పట్టానే మిగతా మొక్కలకు కప్పారు. అంత ఓపికగా కుట్టుకున్న పట్టా అది! నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ ఎండాకాలం ముప్పై ఎనిమిది మొక్కలు బతికాయి.

తర్వాత నేనూ హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. మా బడిలో ఎవరి చేతిలో తప్పు జరిగినా, పైవాళ్ళ ముందు "చూసుకోవాల్సింది నేను" అనే అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మిరప చేలో కళ్ళు నులుముకుంటూ నిలబడ్డ ఆ పెద్దాయనకు మాత్రం ఆ ముడి నాదని నేను చెప్పనే లేదు.