తమ్ముడికి నా పెదాలు అందని దూరం

మా తమ్ముడు మలేషియాలోని సుంగై పెటానిలో ఇనుప రేకులు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ యంత్రాల మోతకి వాడి చెవులు దాదాపు పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే కాబట్టి, నా మాట మరీ సులువుగా అందుతుంది.

పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున్న ఇద్దరం మోటారుసైకిల్ మీద మార్కెట్‌కి వెళ్తుంటే పోలీసులు ఆపారు. బళ్లన్నీ తనిఖీ చేస్తున్నారు. నన్ను దిగి, రోడ్డు అవతల నిలబడమన్నారు. వాడికి వినబడదని మలయ్‌లో చెప్పాను. మాస్కు పెట్టుకున్న కుర్ర ఆఫీసరు పూర్తిగా వినకుండానే ఇంకా వెనక్కి పొమ్మని చెయ్యూపాడు. వెళ్లాను.

ఇంజను ఆపి తాళం ఇమ్మన్నాడతను. ఏమంటున్నాడో తెలియక తమ్ముడు నావైపు తిరిగాడు. తన మాట లెక్కచేయడం లేదనుకున్నాడేమో, ఆఫీసరు వాడి భుజం పట్టి లాగాడు. వీడు బెదిరిపోయి విదిలించుకున్నాడు. చూస్తుండగానే వాణ్ణి రోడ్డు మీద బోర్లా పడేసి, చేతులు వెనక్కి విరిచారు.

"తాళం ఇచ్చీరా, తాళం!" అని అరుస్తూ నేను వాడి దగ్గరికి పరిగెత్తాను. ఒక లేడీ పోలీసు నా రెక్క పట్టుకుంది. ఇద్దర్నీ స్టేషన్‌కి తీసుకెళ్లారు.

అక్కడి పెద్ద ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. తాగడానికి మంచినీళ్లు కూడా ఇప్పించాడు. డ్యూటీలో ఉన్న పోలీసుకి అడ్డం వెళ్తే నేరమనీ, కావాలంటే నామీద కేసు పెట్టొచ్చనీ చెప్పాడు. మరి ఎంత దూరంలో నిలబడితే నేరం కాదని అడిగాను. కొలతలేమీ ఉండవట, ఆఫీసరు ఎక్కడ నిలబడమంటే అక్కడేనట. వీడి దగ్గర తప్పేమీ దొరక్కపోయేసరికి మధ్యాహ్నానికి వదిలేశారు.

తమ్ముడి మణికట్టు ఎముక చిట్లింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు. బయటికొచ్చాక వాడన్నాడు:

"అక్కా, నువ్వేటో సెప్పినావు. దూరమైపోనాది. నోరు కదుల్తంది గానీ నాకేటీ తెలీనేదు."

ఇంటికొస్తే మా ఆయన, "నిల్సోమన్న కాడ నిల్సుంటే సరిపోను గదా," అన్నాడు. ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. ఫిర్యాదు చేస్తే, ఆఫీసరు తన విధి తాను చేశాడని జవాబొచ్చింది.

వినబడదని రాసిన కార్డు ఒకటి మెడలో వేసుకోమని అందరూ తమ్ముడికి సలహా ఇచ్చారు. పశువులా మెడకి బిళ్ల కట్టుకోనన్నాడు వాడు. బండి అమ్మేసి బస్సులో పనికి పోతున్నాడు.

నాకిప్పుడు ఎక్కడ యూనిఫాం కనబడినా, ఎవరూ చెప్పకముందే కాళ్లు వాటంతటవే వెనక్కి పడుతున్నాయి. ఆ కాళ్లని చూస్తే నాకు అసహ్యం.