ఆయుధపూజ నాటి లాగిన్

తమలపాకు మీద కాటుక పూసి చూస్తే అందులో దొంగ మొహం కనిపిస్తుందంటే మీరు నమ్ముతారా? నమ్మం అని వెంటనే అంటారు. తోటపల్లి గూడూరు వైపు నేను పనిచేసిన రొయ్యల ప్లాంటులో కూడా అందరూ అలాగే అనేవాళ్లు. అందరూ డిగ్రీలున్నవాళ్లే.

ఆ ప్లాంటులో ఒక పెద్ద సర్వర్ ఉండేది. ఒకే యంత్రం లోపల అనేక కంప్యూటర్లు విడివిడిగా నడిచే ఏర్పాటు అది. ఏ గుంట రొయ్య ఏ పరీక్షలో నెగ్గింది, ఏ పెట్టెలో ఏ దేశానికి వెళ్లింది, అన్నీ అందులోనే. దాన్ని చూసుకునే అమ్మాయి అల్లూరు నుంచి బస్సులో వచ్చేది. నా పక్క సీటు. నన్ను అన్నా అని పిలిచేది.

సర్వర్ మొత్తాన్ని శాసించే అడ్మిన్ ఖాతా ఒక్కటే. దాని పాస్‌వర్డ్ ఆమెకు, మేనేజర్‌కు, రిపేరుకు వచ్చే వాళ్లందరికీ తెలుసు. అది యజమాని ఇలవేల్పు పేరు. మారిస్తే అరిష్టమని ఆయన మార్చనివ్వలేదు.

"సార్, ఎవరి ఖాతా వాళ్లకు ఇద్దాం. ఎవరు ఎక్కడి నుంచి లోపలికి వచ్చినారో లాగులో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, పడతా ఉంటాది. కొత్త చోటి నుంచి వస్తే మన ఫోన్లు మోగేటట్టు పెట్టుకుందాం," అని ఆమె మేనేజర్‌ను చాలాసార్లు అడిగింది.

"నువ్వు లాగులు చదవతా కూర్చో, రొయ్యల తలలు నేను తీస్తాలే మా," అన్నాడాయన ఒకసారి. గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి తుడిచి, సర్వర్ లాగు నకలు ఎప్పటికప్పుడు దానిలోకి చేరేలా పెట్టుకుంది. రోజూ టీ తాగుతూ ఒకసారి చూసేది.

ఆయుధపూజకు మా దగ్గర యంత్రాలన్నిటికీ కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, గదికి తాళం వేస్తారు. ఆ రోజు వాటిని ఎవరూ ముట్టకూడదు. మరుసటి ఉదయం తాళం తీస్తే, సర్వర్‌లోని కంప్యూటర్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఒక్క ఫైలు తెరుచుకోవడం లేదు. లోపలి లాగును తుడిచేశారు.

"అడ్మిన్ ఖాతాతోనే చేసినారు," అన్నాడు రిపేరు మనిషి. అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి.

"పాత కంప్యూటర్లో నకలు ఉండాది సార్. ఒక్కసారి చూడనివ్వండి."

"దొంగ చేతికే తాళమిచ్చేదా?" అన్నాడు మేనేజర్. నేను చూస్తానని, సాక్ష్యం చూడకుండా నింద వేయడం తప్పని అన్నాను. "మీ ఉపన్యాసం తర్వాత చెబుదురులే," అన్నాడు.

యజమాని అంజనం వేసే మనిషిని పిలిపించాడు. సర్వర్ గది తలుపు ముందే చాప వేశారు. ఆ మనిషి కాటుక పూసిన ఆకులోకి చాలాసేపు చూసి, "ఆడమనిషి. చల్లటి గదిలో కూర్చుంటాది," అన్నాడు. ఆ గది ఏసీ గాలి అప్పుడు అతని వీపుకే తగులుతోంది. ఆ మాటే అందరికీ వినబడేలా చెప్పాను.

"దైవకార్యంలో తర్కమెందుకబ్బయ్యా," అన్నాడు యజమాని, కోపం లేకుండానే.

ఆమెను పనిలోంచి తీసేశారు. బ్యాగు తీసుకుని గేటు దాకా ఒక్కతే నడిచింది. రోజూ ఆమెతో ఇడ్లీ పంచుకునే ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు.

తర్వాత బీమా వాళ్లు ఒక నిపుణురాలిని పంపారు. లాగు ఎక్కడైనా మిగిలిందా అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న. మూలనున్న ఆ పాత కంప్యూటర్ చూపించాను. అంతా ఉంది. పూజ జరుగుతుండగా, తాళం వేసిన గదిలోని యంత్రంలోకి బయటి నుంచి ఎవరో వచ్చారు. మేమెన్నడూ వాడని ఇంటర్నెట్ చిరునామా అది. ముందు వరసగా తప్పు పాస్‌వర్డ్‌లు, ఆపైన సరైనది. వచ్చీ రాగానే ఇంకో అడ్మిన్ ఖాతా పుట్టింది. లాగు రాయడం ఆపమన్న ఆజ్ఞతో నకలు ముగిసింది. ఆ సమయంలో ఆమె మా అందరి కళ్లెదుటే ప్రసాదం పంచుతోంది. రోజూ లాగు చూసే మనిషి ఆ ఒక్కరోజు చూడలేదు. ముట్టకూడదని మేమే చెప్పాం కదా.

ఆ సంగతి చెప్పడానికి అల్లూరు వెళ్లాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"అన్నా, లాగు అందరి ముందరా చదివినారా?"

"లేదుమా. మేనేజర్ గదిలో."

"ఆకు మాత్రం అందరి ముందరే చూసినారు గదా."

తిరిగొచ్చి యజమానిని అడిగాను, అందరినీ పిలిచి చదివించమని. "అయిపోయిన దానికి మళ్లీ ఎందుకబ్బయ్యా," అన్నాడు. ఆమె కంప్యూటర్ పని మానేసింది. చీరల అంగట్లో మడతలు వేస్తోంది. వేళ్లు మాత్రం ఇప్పటికీ త్వరగానే కదులుతాయి. అది చూసి, పలకరించకుండానే ఒకసారి వెనక్కి వచ్చేశాను.

మీ చేతిలో సర్వర్ ఉంటే ఇది పక్కన పెట్టి లాగు తెరవండి. ఎవరి ఖాతా వాళ్లకు విడదీయండి, నకలు వేరే యంత్రంలో దాచండి, పండుగనాడు కూడా చూడండి. సర్వర్‌తో పని లేనివారైతే, మీ మధ్య ఒకరిని వేలెత్తి చూపిన రోజున లేచి నిలబడండి. సాక్ష్యం చదివేదాకా ఆ మనిషిని గేటు దాటనివ్వకండి. తప్పు లేదని తేలితే అదే చోటికి, అంతమందినీ పిలిచి, గట్టిగా చదివించండి.