నేను చూడని గొలుసు

మా క్లాసుల క్రిమినల్ లా చెప్పే సారు ఒక మాట అన్నడు. ఆ మాటే నా కొంప ముంచింది.

"నేరం, సాక్ష్యం, శిక్ష ఇవన్ని పుస్తకంల దొరకయి. బయటికి పోండ్రి. కోర్టుల ఎనుక బెంచి మీద కూసోండ్రి. పోలీసోల్లు కాగితం ఎట్ల రాస్తరో చూడుండ్రి" అన్నడు. మిగిలినోల్లు విన్నరు, చాయ తాగ పోయిండ్లు. నేనే నిజమనుకున్న.

డెబ్బయ్యవ దశకం ఆఖరి రోజులవి. ఎమర్జెన్సీ పోయింది గని దాని భయం పోలే. వరంగల్ల స్టూడెంటు అంటెనే పోలీసోల్లు ఒక కంట కనిపెట్టేటోల్లు. లా క్లాసుల ఆడపిల్లలం ఇద్దరమే ఉంటిమి. ఒకామెకు నడుమల్నే పెండ్లయి పోయింది, ఇగ నేనొక్కదాన్నే మిగిలిన. మాది కొత్తవాడ. మా నాయిన జంపఖానాలు నేసేటోడు. పొద్దంత మగ్గం చప్పుడు, ఆ చప్పుట్లనే నేను సెక్షన్లు బట్టీ పట్టేదాన్ని. సదువు రాని నాయినకు నేనంటె ఎంత గర్వమో, నాకు నేనంటె అంతకు రెండింతల గర్వం. నిజం దాచుడెందుకు?

క్లాసులు లేని పూట అదాలత్‌కు నడిచిపోయి కోర్టుల కూసునేదాన్ని. రెండు జడలేసుకొని, నోటుబుక్కు పట్టుకొని ఎనుక బెంచి మీద ఒక పిల్ల రాసుకుంట కూసుంటె ఎవలైనా గుర్తువడతరు గదా. మా దిక్కు పోలీసుస్టేషన్ల పనిచేసే జమేదారుకు, అంటె హెడ్డు కానిస్టేబులుకు, నేను గట్లనే ఎర్కైన. కనిపిస్తె చాలు, "ఏం వకీలమ్మా, ఇయ్యాల ఏ కేసు?" అని ఎక్కిరించేటోడు. నాకు అది ఎక్కిరింపు లెక్క ఇనిపియ్యకపోయేది.

ఒకనాడు పగటీలి ఆ జమేదారే మా ఇంటి ముందట సైకిలు ఆపిండు. మా ఎనుక గల్లీల ఒకామె ఇల్లు సోదా చెయ్యాలెనట. ఆమె బజార్ల ఒక సావుకారి ఇంట్ల బోల్లు తోమేది. సావుకారి భార్య మెడల గొలుసు పోయిందట, అనుమానం ఆమె మీద. సోదా చేసేటప్పుడు ఊరోల్లు ఇద్దరు పక్కన నిలబడి చూడాలె, చూసినమని పంచనామా మీద దస్కతు పెట్టాలె. వాల్లనే పంచులంటరు. "ఆడమనిషి ఇల్లు గదమ్మా, ఒక ఆడ పంచు ఉంటె మంచిగుంటది. నీ అసొంటి సదువుకున్న పిల్ల ఇంకెక్కడ దొరకాలె మాకు?" అన్నడు.

మా అమ్మ నా కొంగు పట్టుకొని గుంజింది. "పోవద్దే. పోలీసోల్లతోని దోస్తానా మంచిది గాదు, దుష్మనీ మంచిది గాదు."

"నీకేం తెల్సు అమ్మా, ఇది ప్రాక్టికల్" అన్న నేను. థూ నా ప్రాక్టికల్!

ఆమె నాకు కొత్త కాదు. నా కంటె పదిహేనేండ్లు పెద్ద. మొగడు సచ్చిపోయిండు, ఇద్దరు పిల్లలు. నేను అక్కా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. నేను పోయేసరికి ఎస్సై వాకిట్ల నులక మంచం మీద కూసున్నడు. ఆమె గోడకు ఆనుకొని నిలబడ్డది. ఇల్లంటె ఒక్కటే అర్ర, లోపల చీకటి. సావుకారి భార్య, జమేదారు, ఇంకొక జవాను లోపలికి పోయిండ్లు. రెండో పంచు కిరాణం దుకాణమాయన, ఆయన వాకిట్లనే బీడీ ముట్టిచ్చిండు. నేను గడప కాడికి పోతె, "జర ఆగు బిడ్డా, లోపల ఇరుకున్నది" అన్నడు జమేదారు. ఆగిన. గడప ఇవతల ఆగిన.

డబ్బాల చప్పుడైంది. బియ్యం పోసిన చప్పుడైంది. కొంచెం సేపటికి జమేదారు దస్తీల గొలుసు పట్టుకొని బయటికొచ్చి, "బియ్యం డబ్బాల దొరికింది సార్" అన్నడు. అది డబ్బాల్నుంచి వచ్చిందో, ఆయన జేబుల్నుంచి వచ్చిందో, సావుకారి భార్య కొంగుల్నుంచి వచ్చిందో నేను చూడలే.

మంచం మీదనే పంచనామా రాసిండ్లు. నేను చదవకుండ దస్కతు పెట్టిన్నంటె అదో తీరు. నేను పూర్తిగ చదివిన. "పంచుల సమక్షంలో, పంచులు చూస్తుండగా" అని సక్కగ రాసున్నది. చదివి ఏం చేసిన్నో చెప్తె మీరు నమ్మరు. "సార్, టైం రాయలే. డబ్బా ఏ మూలకున్నదో గూడ రాయాలె, లేకుంటె కోర్టుల నిలవదు" అన్న.

ఎస్సై కండ్లు పెద్దగ చేసి, "చూసినవా, లా పిల్లంటె గిట్లుండాలె" అన్నడు. జమేదారు టైం రాసిండు, మూల రాసిండు. నేను ఇంగ్లీషుల కింద గీత గీసి మరీ దస్కతు పెట్టిన. అబద్ధం కాగితానికి తప్పులు దిద్దిచ్చిన దాన్ని నేను.

ఆమెను తీస్కపోయేటప్పుడు నా ముందట ఆగింది. ఏడ్వలే, తిట్టలే. "నువ్వు జూసినవా బిడ్డా, ఎక్కడ్నుంచి తీసిండ్లో?" అని అడిగింది. నేను నోటుబుక్కు దిక్కు చూసుకుంట నిలబడ్డ.

రెండ్రోజులైనంక క్లాసుల గొప్పకు పోయి చెప్పిన, నేను పంచుగ పోయిన సార్ అని. సారు ఖుషీ అయితడనుకున్న. ఆయన కండ్లద్దాలు తీసి, "కండ్లతోని చూసినవా?" అన్నడు. అందరు నా దిక్కు తిరిగిండ్లు.

"చూసిన సార్."

"మంచిది. పంచు చూడంది చూసిన్నని కోర్టుల చెప్తె ఏమైతదో తెల్సునా? ఏడేండ్ల దాక జైలు" అని బోర్డు దిక్కు తిరిగి పాఠం మొదలువెట్టిండు. ఆ పొద్దు నుంచి నాకు భయం జొచ్చింది. కోర్టుల చూసిన్నంటె అబద్ధపు సాక్ష్యం. చూడలేదంటె, మరి ఈ దస్కతు ఎవరిది, టైం రాయమన్నది ఎవలు అని అడుగుతరు. నల్లకోటు ఏసుకునేది కాదు, కటకటాల ఎనుక నిలబడేదాన్నయిత అనిపించేది. ముందట నుయ్యి, ఎనుక గొయ్యి అంటరు గద, అది సామెత కాదు, నేను అండ్ల నిలబడి చూసిన. ఎవలకు చెప్పుకోను? దొంగకు తేలు కుట్టినట్టయింది నా బతుకు. గల్లీల సైకిలు బెల్లు మోగితె పై ప్రాణం పైన్నే పోయేది.

ఆమె బేలు మీద బయటికొచ్చింది. గని దొంగ అన్న పేరు పడ్డంక ఏ ఇంట్ల బోల్లు తోమనిస్తరు? మా ఎనుక గల్లీలనే ఒకరింట్ల మగ్గానికి నూలు కండెలు చుట్ట కూసున్నది. నేను ఆ గల్లీ బంద్ చేసిన. కాలేజికి చుట్టు తిరిగి పోయేదాన్ని. ఒకనాడు నల్లా కాడ బిందె నింపుతాంటె ఎనుక ఆమె గొంతు ఇనవడ్డది. సగం నిండిన బిందె అక్కడ్నే ఇడిసిపెట్టి ఉరికిన. అమ్మ పోయి తెచ్చింది, ఎందుకు ఇడిసినవే అంటె కాలు మెలివడ్డదని చెప్పిన.

ఏడాది దాటినంక సమన్లు వచ్చినయి. జమేదారే తెచ్చిండు. నాయిన మగ్గం గుంటల్నుంచి లేచి చేతులు తుడ్సుకుంట నిలబడ్డడు. "ఫికర్ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తె చాలు" అన్నడు జమేదారు. మల్ల నవ్వుకుంట, "కాగితంల ఉన్నదే ఉన్నది, అంతే గదమ్మా?" అన్నడు. పోయేటప్పుడు మగ్గం దిక్కు చూసి, "పొద్దంత ఇంటికాన్నే ఉంటవు గద పెద్దమనిషీ, మంచిదే" అన్నడు. అండ్ల బెదిరింపు ఏమున్నదని మీరు అడుగచ్చు. ఆ రోజులల్ల కొత్తవాడల ఉన్నోన్ని అడిగితె చెప్తడు.

మొదటి వాయిదా నాడు నాకు నిజంగనే జ్వరమొచ్చింది. ఒళ్లు కాలిపోయింది, భయానికి. నాయిన డాక్టరు చీటి తీస్కపోయి కోర్టుల ఇచ్చొచ్చిండు, వాయిదా పడ్డది. రెండోసారి జ్వరం రాలే. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టెటందుకు చేసినట్టు చంకల ఉల్లిగడ్డ పెట్టుకొని దుప్పటి కప్పుకున్న. ఇండియన్ పీనల్ కోడు చదివే మనిషి చేసే పనేనా అది! ఒళ్లు ఎచ్చవడ్డదో లేదో గని అమ్మ నమ్మింది, చీటి పోయింది. మూడోసారి ముందునాడే బస్సెక్కి వర్ధన్నపేటల పెద్దమ్మ ఇంటికి పోయిన. చీటిల మాత్రం మల్ల జ్వరమనే రాయించిండ్లు.

వాయిదా పడ్డ ప్రతిసారి, అమ్మయ్య, ఇంకొక నెల అనుకున్న. ఆ నెల ఆమెకు గూడ నెలే అని, పని ఇడిసిపెట్టి, పిల్లలను ఎవలకో అప్పజెప్పి, పొద్దుగాల్నుంచి పొద్దుమీకెదాక ఆ కోర్టు వరండల ఆమె కూసుంటాందని నాకు తెల్వదా? తెల్సు. కోర్టుల ఎనుక బెంచి మీద కూసొని అసొంటోల్లను ఎంతమందిని చూసిన్నో.

నాలుగో సమన్లు తెచ్చినప్పుడు జమేదారు నవ్వలే. "ఈసారి జ్వరం వస్తె వారంటు వస్తది" అన్నడు.

ఆయన పోయినంక నాయిన మగ్గం కాడికి పోయి నిలబడ్డ. "నాయినా, నేను చూడలే" అన్న.

"ఏంది చూడలే?"

"గొలుసు ఎక్కడ్నుంచి తీసిండ్లో చూడలే. చూసిన్నని దస్కతు పెట్టిన."

మగ్గం ఆగింది. మా ఇంట్ల పొద్దటిపూట మగ్గం ఆగుడంటె నాకు ఎర్కలో లేదు. నాయిన నన్ను ఎన్నడు గట్టిగ ఒక మాట అన్నోడు కాదు. "నాకు సదువు రాదు. ఏలుముద్ర ఏసేముందు పదిమందిని అడుగుత, అండ్ల ఏం రాసున్నదని. నువ్వు సదివి ఏసినవా?" అన్నడు. నేను ఏడ్సిన. ఆయన ఊకోమనలే. తెగిన పోగు ముడేసి, "పోయి చూడలే అని చెప్పు. ఏమైతె అదైతది. నేను గూడ వస్త" అన్నడు.

ఆ పొద్దు ఇద్దరం నడిచి అదాలత్‌కు పోయినం. తొవ్వ పొడుగూత ఒక్కటే మాట మనసుల మల్ల మల్ల అనుకుంట పోయిన, "అయ్యా, నేను గడప బయటనే ఉన్న, చూడలే" అని. పిలుస్తరని వరండల నిలబడ్డం. పదకొండైంది, పన్నెండైంది. పిలుపు రాలే. నాయిన లోపలికి పోయి గుమస్తాను అడిగిండు. నేను ఎనుక నిలబడ్డ.

"ఆ కేసా? అయిపోయింది. పొద్దుగాల్నే తప్పు ఒప్పుకున్నది. జరిమానా, కోర్టు లేచేదాక శిక్ష. సాక్షులతోని ఇగ పనిలేదు, ఇంటికి పోండ్రి" అన్నడు గుమస్తా, తల ఎత్తకుండనే.

నిజం చెప్తాన. ముందుగాల నాకనిపిచ్చింది, బతికిన అని. ఆ తర్వాతనే కోర్టు హాల్ల మూలకు చూసిన. కోర్టు లేచేదాక శిక్ష అంటె జడ్జి కుర్చీల్నుంచి లేచి పోయేదాక ముద్దాయి ఆ హాల్లనే ఉండాలె, అంతే. ఆమె మూలకు కింద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూసున్నది.

నాయిన నా చెవు కాడికొచ్చి, "జడ్జి సాబు ఇంకా ఉన్నడు గద. ఇప్పుడు చెప్పరాదా?" అన్నడు మెల్లగ.

"ఒప్పుకున్నంక సాక్ష్యం ఉండదు నాయినా. రూలు" అన్న.

ఆ రూలు నిజమో కాదో ఆ గడియల నేను ఆలోచన గూడ చెయ్యలే. సదువు రాని మనిషి, బిడ్డ చెప్పింది నమ్మిండు.

నాయిన బయట కూసున్నడు. నేను పోయి ఆమె పక్కన కింద కూసున్న. ఎందుకు పోయిన్నో నాకే తెల్వదు. "ఎందుకు ఒప్పుకున్నవక్కా?" అని అడిగిన.

"ఎన్నిసార్లు తిరగాలె బిడ్డా? పోయినప్పుడల్ల సాక్షి రాలేదంటరు. ఒప్పుకుంటె ఇయ్యాల్నే అయిపోతదని వకీలు సాబన్నడు. అయిపోయింది." కొంగుతోని మొకం తుడ్సుకున్నది. తీసినవా, తియ్యలేదా అని నేను అడగలే. అప్పుడు కాదు, ఎప్పుడూ అడగలే. నువ్వు జూసినవా అని ఆమె మల్ల అడుగుతదేమోనని పానం గుప్పిట్ల పెట్టుకొని కూసున్న.

ఆమె అది అడగలే. నా దిక్కు తిరిగి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"జ్వరం తగ్గిందా బిడ్డా? వాయిదా వాయిదాకు నీకు జ్వరమనే చెప్తాండ్లు. ఇంత సన్నపిల్లకు అన్నిసార్లు జ్వరమేందని నాకు ఒకటే ఫికర్. ఒకసారి మీ ఇంటికొచ్చి చూద్దామనుకున్న. దొంగది ఇంటికొచ్చిందని మీవోల్లు అనుకుంటరేమోనని రాలే."

"తగ్గిందక్కా" అన్న.