మానసను ఫౌండేషన్ సెక్షన్‌కు పంపిన ఏడాది

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన ఏడాది. నాచారంలోని ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. క్లాస్ టీచర్ కూడా నేనే. చురుకైన పిల్లలను ఏరి ‘ఫౌండేషన్ సెక్షన్’లో వేసేవాళ్లు. అక్కడ తొమ్మిదో తరగతి పాఠాలు ఏడులోనే మొదలవుతాయి, వారం వారం పరీక్ష ఉంటుంది. ఎవరిని పంపాలో పేర్లు రాసిచ్చేది క్లాస్ టీచర్. ఆ ఏడాది నేను రాసిన మొదటి పేరు మానస.

మానసది నిదానం. ఒకే లెక్కను రెండు మూడు రకాలుగా చేసి చూసుకుని, తనలో తాను నవ్వుకునేది. వాళ్ల నాన్న యాదగిరి నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్. సంగతి చెప్పగానే సంబరపడ్డాడు. తల్లి లక్ష్మి మాత్రం వెనకాడింది.

“నా బిడ్డ నిమ్మళంగ జేస్తది టీచర్. ఉరికిస్తే ఆగమైతది.”

“ఇంత తెలివున్న పిల్లను ఇక్కడనే ఉంచితే అన్యాయమైతది లక్ష్మమ్మా. నేను చూసుకుంట గద,” అన్నాను. ఆ మాట మీదే ఆమె సంతకం పెట్టింది.

రెండు నెలలకు మానస పేపర్లు సగం ఖాళీగా కనిపించాయి. వరండాలో ఆపి, “లెక్కలు వస్తలేవా?” అని అడిగాను.

“వస్తయి టీచర్. నేను జేసేలోపే టైమ్ అయిపోతది. మల్ల అందరి ముందట మార్కులు సదువుతరు. నన్ను మన క్లాసుకే తీస్కపోరాదు?”

“ఇంకొక్క నెల చూడు బిడ్డా. అలవాటైతది,” అని పంపేశాను.

ఆ నెల నిండకముందే లక్ష్మి స్కూలుకు వచ్చింది. మానసను దగ్గరికి తీసుకుని, జడ విప్పి, చెవి వెనక చూపించింది. అరచేతి మేర వెంట్రుకలు లేవు.

“పేనుకొరుకుడు అనుకొని మందు రాసిన టీచర్. ఉప్పల్ దవాఖానల డాక్టరమ్మ జూసి, పిల్లనే ఎంటికలు పీక్కుంటున్నదన్నది. సదువుకుంట సదువుకుంట పీక్కుంటదట. నాకు తెల్వనే తెల్వలే.”

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడే మానసను పాత సెక్షన్‌కు మార్పించాను. ఏడాది తిరిగేసరికి జుట్టు వచ్చింది. లెక్కల మీద ఇష్టం మాత్రం తిరిగి రాలేదు. బోర్డు మీదిది దించుకునేది, ప్రశ్న అడిగితే లేచి మౌనంగా నిలబడేది.

మొన్న హబ్సిగూడ మెట్రో స్టేషన్‌లో కలిసింది. ఇంటర్ చదువుతోందట. ఏ గ్రూపని అడిగాను.

“సీఈసీ టీచర్. అండ్ల మ్యాథ్స్ ఉండదు గద.” మామూలుగానే చెప్పింది. నా చేతిలోని సంచి అందుకుని మెట్లు దిగేదాకా తోడొచ్చింది.

ఇప్పటికీ పేర్లు రాసే పని నాదే. రాసే ముందు ప్రతి పిల్లనూ, పిల్లవాడినీ విడిగా కూర్చోబెట్టి, వెళ్లడం ఇష్టమేనా అని అడుగుతాను. వెళ్లాక వెనక్కి వస్తామంటే ఆ వారమే తీసుకొస్తాను. పిల్లలు నోరు తెరిచి కష్టం చెప్పుకున్నాక, ఇంకొన్నాళ్లు చూద్దామనే హక్కు నాకు లేదని మానస వల్ల నేర్చుకున్నాను. ఆ మెట్ల దగ్గర ఈ మాట ఆమెతో అనాలనుకున్నాను. సంచి తీసుకుని, బాగా చదువుకో అని మాత్రం చెప్పి వచ్చేశాను.